ఎఫ్‌ఎం రేంజ్ తగ్గిందా? ట్రాన్స్‌మిటర్ మూత విప్పే ముందు తీయాల్సిన కొలతలు

చిన్న ఎఫ్‌ఎం స్టేషన్లు నడిపేవాళ్లు, ముఖ్యంగా కమ్యూనిటీ రేడియోవాళ్లు, వానాకాలం అయిపోగానే నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "సార్, పోయినేడాది పది కిలోమీటర్లు వినపడేది, ఇప్పుడు నాలుగు కూడా రావట్లేదు. ట్రాన్స్‌మిటర్ పోయినట్టేనా?" వెంటనే ఇంకో మాట కూడా కలుపుతారు: "కానీ వీఎస్‌డబ్ల్యూఆర్ బాగానే ఉంది సార్, 1.2 చూపిస్తోంది."

వీఎస్‌డబ్ల్యూఆర్ అంటే పంపిన పవర్‌లో ఎంత వెనక్కొస్తోందో చెప్పే అంకె, ఏమీ రాకపోతే 1.0. ఆ రెండో మాట వినగానే నాకు అనుమానం కేబుల్ మీదికి పోతుంది. డమ్మీ లోడ్‌కి (యాంటెన్నా బదులు తగిలించే, పవర్‌ని వేడిగా మార్చేసే పరికరం) వీఎస్‌డబ్ల్యూఆర్ 1.0 ఉంటుంది, అంతకన్నా మంచి నంబరు లేదు. కానీ డమ్మీ లోడ్‌తో పక్క ఊరికి కూడా పాట వినపడదు. పవర్ వెనక్కి రావడం లేదంటే గాల్లోకి పోతోందని అర్థం కాదు, దారిలో ఎక్కడో వేడిగా మారి కూడా పోవచ్చు. ఆ తేడాని ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఉదాహరణ కోసం 90.4 మెగాహెర్ట్జ్ మీద నడిచే 50 వాట్ల స్టేషన్ని తీసుకుంటున్నాను. జహీరాబాద్ దగ్గరి సంఘం రేడియో, హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్ల బోల్ హైదరాబాద్ ఉన్నది ఈ ఫ్రీక్వెన్సీ మీదే. మీది 90.8 అయినా, 107.8 అయినా పద్ధతి మారదు, లెక్కలు కొంచెం జరుగుతాయి.

కావాల్సినవి

- 50 ఓమ్ డమ్మీ లోడ్, 100 వాట్లకు తగ్గకుండా. సరిగ్గా 50 వాట్లది కొనకండి. పది నిమిషాలు నడిపేసరికి అది పెనంలా కాలుతుంది, వేడెక్కితే దాని ఓమ్స్ కూడా మారతాయి.
- లైన్‌లో పెట్టే వాట్ మీటర్. బర్డ్ 43 లాంటిదైతే 'బి' అక్షరం ఉన్న ఎలిమెంట్లు, అంటే మీటర్‌లో గుచ్చే ముక్కలు, కావాలి (50బి, 100బి, 5బి). అంకె గరిష్ఠ వాట్లు చెబుతుంది. 'బి' అక్షరం 50 నుంచి 125 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుందని చెబుతుంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని 'హెచ్' ఎలిమెంట్ తెచ్చుకుంటే అది 30 మెగాహెర్ట్జ్ దాకానే పనికొస్తుంది.
- నానో వీఎన్ఏ (కేబుల్, యాంటెన్నా నుంచి సిగ్నల్ ఎంత తిరిగొస్తోందో కొలిచే చిన్న పరికరం), దాంతో వచ్చే ఓపెన్ (ఖాళీది), షార్ట్ (కలిపేసినది), లోడ్ (50 ఓమ్‌లది) ముక్కలు.
- టైనీ ఎస్ఏ లాంటి చిన్న స్పెక్ట్రమ్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత సిగ్నల్ ఉందో గీతగా చూపేది). లేకపోతే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే రేడియో రిసీవర్), ల్యాప్‌టాప్.
- 30 డీబీ అటెన్యుయేటర్లు (సిగ్నల్‌ని తగ్గించే ముక్కలు) రెండు. డీబీ అంటే డెసిబెల్: 3 తగ్గితే పవర్ సగం, 10 తగ్గితే పదో వంతు. ఒకటి 100 వాట్లు తట్టుకునేది, రెండోది 2 వాట్ల చిన్నది సరిపోతుంది. వీటికి తోడు ఒక 10 డీబీ ముక్క.
- ఎన్ టైప్ నుంచి ఎస్‌ఎంఏకి అడాప్టర్లు, తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపు, ఒక నోటు పుస్తకం.

డబ్బులు తక్కువుంటే ముందు డమ్మీ లోడ్, నానో వీఎన్ఏ కొనండి. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌ని పక్క స్టేషన్ నుంచో, దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ నుంచో ఒక రోజుకి అడిగి తెచ్చుకోవచ్చు. వానాకాలంలో పది సార్లు అవసరమయ్యే డమ్మీ లోడ్‌ని అలా అడగలేం.

మొదలుపెట్టే ముందు

ఆకాశం మబ్బు పట్టి ఉంటే ఈ పని పెట్టుకోకండి. దూరంగా ఉరుము వినపడినా సరే, ఫీడర్ కేబుల్ (ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నాకి వెళ్లేది) మీద చెయ్యి వేయొద్దు.

మాస్ట్ (యాంటెన్నా స్తంభం) మీద మనిషి ఉన్నప్పుడు ట్రాన్స్‌మిటర్ ప్లగ్ గోడ నుంచి పీకేసి, ప్లగ్‌ని ఎక్కిన మనిషి జేబులోనో మీ జేబులోనో పెట్టండి. స్విచ్ ఆపితే చాలదు. కింద కార్యక్రమం టైమైందని ఎవరో వచ్చి ఆన్ చేసిన సందర్భాలు నాకు తెలుసు.

ఇంకొకటి, ఇది పరికరాల ప్రాణం గురించి. నానో వీఎన్ఏని నడుస్తున్న ట్రాన్స్‌మిటర్ అవుట్‌పుట్‌కి ఎప్పుడూ తగిలించకూడదు. టైనీ ఎస్ఏ తట్టుకునే గరిష్ఠం +10 డీబీఎం, అంటే 10 మిల్లీవాట్లు. మీ ట్రాన్స్‌మిటర్ ఇచ్చేది 50 వాట్లు, అంటే +47 డీబీఎం. ఐదు వేల రెట్లు ఎక్కువ. ఒక్క క్షణం తగిలినా చాలు.

1. ప్యానెల్ మీదున్నవి రాసుకోండి

ఏమీ కదపకముందే ఫార్వర్డ్ పవర్ (ముందుకు పోయేది), రిఫ్లెక్టెడ్ పవర్ (వెనక్కొచ్చేది), టెంపరేచర్, సప్లై వోల్టేజీ, కరెంటు నోటు పుస్తకంలో రాయండి, తేదీ వేయండి. స్టేషన్ పెట్టినప్పుడు రాసిన కాగితం ఉంటే తీసి పక్కన పెట్టుకోండి. లేకపోతే ఈ రోజు రాసేదే రేపటికి పాత కాగితం అవుతుంది.

రిఫ్లెక్టెడ్ ఎంతుంటే వీఎస్‌డబ్ల్యూఆర్ ఎంతో ఈ మూడూ గుర్తుంటే చాలు. 50 వాట్లు పంపితే అర వాటు వెనక్కొస్తే 1.2. రెండు వాట్లు వస్తే 1.5. ఐదున్నర వస్తే 2, అక్కడ చాలా ట్రాన్స్‌మిటర్లు తమంతట తామే పవర్ తగ్గించుకోవడం మొదలుపెడతాయి. అందుకే కొన్నిసార్లు ఫార్వర్డ్ 50 బదులు 28 చూపిస్తుంది. అది ట్రాన్స్‌మిటర్ తప్పు కాకపోవచ్చు.

2. డమ్మీ లోడ్ మీద ట్రాన్స్‌మిటర్‌ని నిలదీయండి

ట్రాన్స్‌మిటర్ ఆపి, ఫీడర్ విప్పి, ట్రాన్స్‌మిటర్ – వాట్ మీటర్ – డమ్మీ లోడ్ వరసలో కలపండి. ముందు 10 వాట్లతో ఆన్ చేసి, మీటర్ కదిలిందని చూశాకే 50కి పెంచండి. పది నిమిషాలు ఆగండి.

- 50 దగ్గర నిలిచి, రిఫ్లెక్టెడ్ సున్నా దగ్గరుంటే పవర్ ఇవ్వడంలో ట్రాన్స్‌మిటర్‌కి లోపం లేదు. నేరుగా 3వ మెట్టుకి వెళ్లండి.
- వేడెక్కే కొద్దీ పవర్ పడిపోతుంటే ఫ్యాన్, ఫిల్టర్ జాలీ, సప్లై చూడండి. దుమ్ము పట్టిన జాలీయే కారణమైన కేసులు నేను చూసినవాటిలో చాలా ఉన్నాయి.
- పాటకు తగ్గట్టు ముల్లు ఊగుతుంటే ఏదో తేడా ఉంది. ఎఫ్‌ఎంలో శబ్దం ఎంతున్నా పవర్ మారకూడదు. సప్లై కుంగడమో, ఎక్సైటర్‌లో (అసలు సిగ్నల్ పుట్టించే భాగం) లోపమో అయి ఉంటుంది.

వాట్ మీటర్ దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బర్డ్ మీటర్ కచ్చితత్వం చదివిన అంకె మీద కాదు, ఫుల్ స్కేల్ మీద 5 శాతం. అంటే 100బి ఎలిమెంట్‌తో ఎక్కడ చదివినా ఐదు వాట్లు అటూ ఇటూ. దాంతో ఫార్వర్డ్ 50 చదవచ్చు కానీ, రిఫ్లెక్టెడ్ 2 వాట్లు చదివి నమ్మడానికి లేదు. రిఫ్లెక్టెడ్ కోసం 5బి పెట్టాలి. అలా పెట్టినప్పుడు ఎలిమెంట్ మీది బాణం (ఏ వైపు పోయే పవర్ చదవాలో చూపేది) డమ్మీ లోడ్ వైపు తిప్పారా, 50 వాట్ల కింద ఆ ఎలిమెంట్ పని అయిపోయినట్టే. ఎలిమెంట్ మార్చేటప్పుడు, తిప్పేటప్పుడు ట్రాన్స్‌మిటర్ ఆపే ఉండాలి.

3. నానో వీఎన్ఏని కాలిబ్రేట్ చేసి, దాన్నే ముందు పరీక్షించండి

ఫోన్లో స్క్రీన్ షాట్ పంపి "ఇది మంచిదా సార్" అని అడిగేవాళ్లలో సగం మంది కాలిబ్రేషన్ చేయకుండానో, వేరే రేంజ్‌కి చేసిన పాత కాలిబ్రేషన్‌తోనో కొలిచి ఉంటారు. కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

స్టార్ట్ 80, స్టాప్ 110 మెగాహెర్ట్జ్ పెట్టండి. పాత కాలిబ్రేషన్ రీసెట్ చేయండి. మీరు వాడబోయే జంపర్ కేబుల్ చివర వరసగా ఓపెన్, షార్ట్, లోడ్ పెట్టి, ప్రతిదాని దగ్గరా రెండు మూడు సెకన్లు ఆగి, ఆ బటన్ నొక్కండి. అయ్యాక డన్ నొక్కి సేవ్ చేయండి. తర్వాత రేంజ్ మార్చాల్సి వస్తే మళ్లీ మొదట్నుంచీ కాలిబ్రేట్ చేయాలి.

కాలిబ్రేషన్‌కి వాడిన లోడ్‌నే మళ్లీ పెట్టి "1.0 వచ్చింది" అనుకుంటే ఏమీ తేలదు. అది తనని తాను చూసుకుని బాగున్నానని అనుకోవడమే. వేరే దాంతో పరీక్షించండి:

- 10 డీబీ అటెన్యుయేటర్ పెట్టి దాని రెండో చివర ఖాళీగా వదిలేయండి. సిగ్నల్ పోతూ 10, వస్తూ 10 తగ్గుతుంది కాబట్టి రిటర్న్ లాస్ (తిరిగొచ్చిన సిగ్నల్ పంపినదానికన్నా ఎన్ని డీబీలు తక్కువో) 20 డీబీ దగ్గర, వీఎస్‌డబ్ల్యూఆర్ 1.2 దగ్గర రావాలి.
- టీ కనెక్టర్‌కి రెండు 50 ఓమ్ లోడ్లు తగిలిస్తే 25 ఓమ్‌లు అవుతుంది. వీఎస్‌డబ్ల్యూఆర్ 2 దగ్గర చూపాలి.

రెండూ సరిగ్గా వస్తేనే ముందుకు వెళ్లండి. రాకపోతే ముందు జంపర్ మార్చి చూడండి. ఎస్‌ఎంఏ కనెక్టర్లు వందల సార్లు బిగించి విప్పితే లోపలి పిన్ వదులవుతుంది.

4. కింది నుంచి యాంటెన్నా చూడండి

ఫీడర్ చివరను నానో వీఎన్ఏకి తగిలించే ముందు దాని మధ్య పిన్నునీ బయటి బాడీనీ ఒక్క క్షణం వైరుతో కలపండి. ఎండు గాలిలో యాంటెన్నా మీద స్టాటిక్ చేరుతుంది. అది నానో వీఎన్ఏ లోపలికి దిగితే ఆ పరికరం ఇక లేవదు.

ఊళ్లో వేరే ఎఫ్‌ఎం టవర్లు దగ్గర్లో ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. మీ యాంటెన్నా వాళ్ల సిగ్నల్‌ని కూడా పట్టి కిందికి పంపుతుంది. ముందు 30 డీబీ అటెన్యుయేటర్ ద్వారా టైనీ ఎస్ఏకి కలిపి ఎంతొస్తోందో చూడండి. గట్టిగా వస్తుంటే నానో వీఎన్ఏ గీత ఆ స్టేషన్ల ఫ్రీక్వెన్సీల దగ్గర పళ్లు పళ్లుగా కనిపిస్తుంది. ఆ పళ్లని యాంటెన్నా లోపం అనుకోకండి, వాటి మధ్య సాఫీగా ఉన్న భాగాన్ని చదవండి.

90.4 దగ్గర మార్కర్ పెట్టి రిటర్న్ లాస్ చూడండి. 14 డీబీ అంటే వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5, 20 దాటితే 1.2 కన్నా మంచిది. కింద 14 వచ్చిందంటే పైన కూడా 14 ఉందని అర్థం కాదు. కేబుల్‌లో 2 డీబీ నష్టం ఉంటే సిగ్నల్ పైకి వెళ్తూ 2, తిరిగొస్తూ 2 పోగొట్టుకుంటుంది. అసలు యాంటెన్నా దగ్గర ఉన్నది 10 డీబీ, అంటే దాదాపు 1.9. కేబుల్ ఎంత చెడ్డదైతే కింద అంత మంచి నంబరు కనిపిస్తుంది.

గీత ఆకారం కూడా చూడండి. మంచి యాంటెన్నాకి తన ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక లోయ, రెండు వైపులా పైకి లేచే గీత ఉంటాయి. 80 నుంచి 110 దాకా అంతా ఒకే మట్టంలో, ఎక్కడా లేవకుండా 'బాగుంటే' అనుమానించండి. బ్రాడ్‌బ్యాండ్ యాంటెన్నా కాకపోతే అంత మంచితనం సహజం కాదు.

5. కేబుల్ నష్టం కొలవండి

రేంజ్ తగ్గిన కేసుల్లో ఎక్కువగా నిజం తేలేది ఇక్కడే. మాస్ట్ ఎక్కడం తెలిసిన మనిషిని బెల్టుతో పైకి పంపి, యాంటెన్నా కనెక్టర్ విప్పించి కేబుల్ చివర ఖాళీగా వదిలించండి. కింద రిటర్న్ లాస్ చూడండి. పైన ఖాళీ కాబట్టి పోయిన సిగ్నల్ మొత్తం తిరిగి రావాలి. కింద ఎంత తగ్గి కనిపిస్తే అందులో సగం కేబుల్ నష్టం. వీలైతే పైన షార్ట్ పెట్టించి ఇంకోసారి చదివి, రెండింటి సగటు తీయండి. గీత అలలుగా ఉంటుంది, ఒక్క ఓపెన్ రీడింగ్‌తో అల మీదో పల్లంలోనో ఇరుక్కుంటాం.

ఎంతుండాలి? 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ 213 కేబుల్ 30 మీటర్లకు దాదాపు 2 డీబీ. అరంగుళం ఫోమ్ ఫీడర్ అయితే అదే పొడవుకి 0.7 లోపే. ఆర్‌జీ 213తో 50 వాట్లలో యాంటెన్నాకి చేరేది 31 వాట్లు, ఫోమ్ ఫీడర్‌తో 43. కొత్తగా పెట్టేవాళ్లు ట్రాన్స్‌మిటర్ మీద లక్షలు పెట్టి కేబుల్ దగ్గర పిసినారితనం చూపించడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఒక స్టేషన్‌లో వానలు తగ్గాక వెళ్లి ఇలాగే కొలిచాను. పైన ఓపెన్‌తో కింద 11 డీబీ వచ్చింది. అంటే కేబుల్ నష్టం ఐదున్నర డీబీ, పైకి చేరుతున్నది 14 వాట్లు. వాళ్లు నాకు చూపించిన వీఎస్‌డబ్ల్యూఆర్ 1.2. ఆ కేబుల్‌తో పైన యాంటెన్నాయే లేకపోయినా కింద 1.8 చూపిస్తుంది, ట్రాన్స్‌మిటర్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పై కనెక్టర్ కోసి తలకిందులుగా పట్టుకుంటే నీళ్లు కారాయి. రాగి జడ రెండు మీటర్ల దాకా పచ్చగా మారిపోయింది.

పైకి ఎక్కే మనిషి ఆ రోజు దొరకలేదా? ట్రాన్స్‌మిటర్‌తో కొంత తెలుసుకోవచ్చు. 10 వాట్లతో పది నిమిషాలు నడిపి, ఆపి, కేబుల్‌ని కింది నుంచి అందినంత మేర చేత్తో తడమండి. ఒకచోట వేడిగా తగిలితే అక్కడ లోపం ఉంది. వేడి తగలకపోతే మాత్రం కేబుల్ మంచిదని తేల్చేయకండి, నీళ్లు పైనుండొచ్చు.

6. లోపం ఎన్ని మీటర్ల దగ్గరుందో చూడండి

నానో వీఎన్ఏలో ట్రాన్స్‌ఫామ్ మెనూ ఉంటుంది. స్టార్ట్ 50 కిలోహెర్ట్జ్, స్టాప్ 200 మెగాహెర్ట్జ్ పెట్టి మళ్లీ కాలిబ్రేట్ చేయండి. ట్రాన్స్‌ఫామ్ ఆన్ చేసి, లో పాస్ ఇంపల్స్ ఎంచుకుని, వెలాసిటీ ఫ్యాక్టర్ (కేబుల్‌లో సిగ్నల్ వేగం కాంతి వేగంలో ఎంత శాతమో) ఇవ్వండి. ఆర్‌జీ 213కి 66 శాతం, అరంగుళం ఫోమ్ ఫీడర్‌కి 88 శాతం. ఫార్మాట్ లీనియర్‌లో పెడితే లోపం ఉన్న దూరం దగ్గర శిఖరంలా లేస్తుంది.

స్టాప్‌ని 900 దాకా పెంచితే ఇంకా స్పష్టంగా వస్తుందనుకుని చాలామంది అదే పెడతారు. 101 పాయింట్లున్న నానో వీఎన్ఏలో అలా చేస్తే ఆర్‌జీ 213 మీద 11 మీటర్లకు మించి కనపడదు. మీ 30 మీటర్ల కేబుల్ చివర ఆ తెరలో అసలు పట్టదు, పైగా మడత పడి దగ్గర్లో దొంగ శిఖరంలా కనిపించొచ్చు. 200తో అయితే లెక్క ప్రకారం దాదాపు 50 మీటర్ల దాకా, అర మీటరు తేడాతో తెలుస్తుంది. అది చాలు.

ఫలితాన్ని సరిచూసుకోవడం సులువు. పైన ఓపెన్ ఉండగా చివరి శిఖరం కేబుల్ అసలు పొడవు దగ్గర రావాలి. 30 మీటర్ల కేబుల్‌కి 40 దగ్గర వచ్చిందంటే 66 పెట్టాల్సిన చోట 88 పెట్టారు.

నీళ్లు పట్టిన కేబుల్ అన్నిసార్లూ శిఖరం చూపదు. మెల్లగా పొడవునా తడిస్తే తెర శుభ్రంగానే ఉంటుంది. అందుకే 5వ మెట్టు వదిలేసి నేరుగా ఇక్కడికి రాకండి.

7. హార్మోనిక్స్

కేబుల్, యాంటెన్నా సరిచేశాక ట్రాన్స్‌మిటర్‌ని మళ్లీ డమ్మీ లోడ్ వైపు తిప్పి ఇది చూడండి. హార్మోనిక్స్ అంటే మీ ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్ల దగ్గర పుట్టే అక్కర్లేని సిగ్నళ్లు. రేంజ్‌తో దీనికి సంబంధం లేదు. కానీ మీ రెండో హార్మోనిక్ 180.8 మెగాహెర్ట్జ్ దగ్గర, మూడోది 271.2 దగ్గర పడతాయి. అవి ఇంకొకరి చోటు. ఎఫ్‌ఎం బ్యాండ్‌కి ఆనుకుని 108 పైన విమానాల నావిగేషన్ ఉంది, అక్కడ చిన్న పుల్ల కనపడినా తేలిగ్గా తీసుకోకూడదు.

ట్రాన్స్‌మిటర్ – 100 వాట్ల 30 డీబీ అటెన్యుయేటర్ – చిన్న 30 డీబీ అటెన్యుయేటర్ – టైనీ ఎస్ఏ. +47లో 60 తీసేస్తే –13 డీబీఎం, హాయిగా చూడొచ్చు. వరస మాత్రం తారుమారు కాకూడదు. నేను ఒకసారి అర్ధరాత్రి తొందరలో చిన్నదాన్ని ముందు పెట్టాను. రెండు వాట్ల ముక్క 50 వాట్ల కింద ఎంతసేపు బతుకుతుందో ఆ వాసన ఇప్పటికీ చెబుతుంది. అదృష్టం కొద్దీ అది లోపల తెగిపోయింది, షార్ట్ కాలేదు, ఎనలైజర్ మిగిలింది.

హార్మోనిక్స్ క్యారియర్ (మీ అసలు 90.4 సిగ్నల్) కన్నా 60 డీబీ కిందకి ఉండాలని పెట్టుకోండి. మీ లైసెన్స్ కాగితంలో ఇంకా కఠినమైన అంకె ఉంటే అదే పాటించాలి. ఎక్కువగా కనిపిస్తే వెంటనే కంగారుపడకండి. అది ట్రాన్స్‌మిటర్‌దా, ఎనలైజర్ తనలో తాను పుట్టించుకున్నదా తేల్చాలి. ఎనలైజర్ లోపలి అటెన్యుయేషన్‌ని ఆటో నుంచి తీసి ఒకచోట స్థిరంగా పెట్టి, బయట 10 డీబీ ముక్క కలపండి. హార్మోనిక్ కూడా 10 తగ్గితే నిజమైనదే. రెండో హార్మోనిక్ 20, మూడోది 30 తగ్గితే అది ఎనలైజర్ సృష్టి.

అటెన్యుయేటర్ లేక ట్రాన్స్‌మిటర్ వెనకున్న మానిటర్ పోర్ట్ నుంచి చూసేవాళ్లు ఒకటి గమనించాలి. చాలా పోర్టుల్లో ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ సిగ్నల్ ఎక్కువ బయటికొస్తుంది. రెట్టింపు ఫ్రీక్వెన్సీకి 6 డీబీ ఎక్కువ చూపడం మామూలు. అక్కడ –56 కనిపించిన రెండో హార్మోనిక్ అసలు –62 అయి ఉండొచ్చు.

8. డీవియేషన్

వినేవాళ్లు "సిగ్నల్ తగ్గింది" అనేది కొన్నిసార్లు సిగ్నల్ గురించి కాదు, సౌండ్ గురించి. పక్క స్టేషన్ గట్టిగా, మీది నీరసంగా వినపడితే వాళ్ల లెక్కలో మీ రేంజ్ తగ్గినట్టే. డీవియేషన్ అంటే శబ్దానికి తగ్గట్టు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఎంత జరుగుతుందో చెప్పేది. ఎఫ్‌ఎం ప్రసారానికి గరిష్ఠ డీవియేషన్ 75 కిలోహెర్ట్జ్. ప్యానెల్ మీద 75 చూపిస్తున్నది నిజంగా 75 అవునో కాదో తేల్చడానికి ఖరీదైన మాడ్యులేషన్ మీటర్ అక్కర్లేదు. ఒక శుద్ధమైన టోన్, మీ దగ్గరున్న ఎనలైజర్ చాలు.

ట్రాన్స్‌మిటర్ డమ్మీ లోడ్ మీదే ఉండాలి. మోనోలో పెట్టండి, పైలట్ (ఇది స్టీరియో అని రేడియోకి చెప్పే టోన్), ఆర్‌డీఎస్ (స్టేషన్ పేరు లాంటివి పంపేది) ఆపండి, ఆడియో ప్రాసెసర్‌ని బైపాస్ చేయండి. ల్యాప్‌టాప్ నుంచి 13,587 హెర్ట్జ్ సైన్ టోన్ ఇవ్వండి, లెవెల్ సున్నా నుంచి మొదలు. ఎనలైజర్‌లో 90.4 మధ్యలో, స్పాన్ 300 కిలోహెర్ట్జ్, రిజల్యూషన్ 3 కిలోహెర్ట్జ్.

లెవెల్ మెల్లగా పెంచుతూ మధ్యలోని క్యారియర్ గీతని చూడండి. తగ్గుతూ తగ్గుతూ ఒకచోట దాదాపు మాయమవుతుంది. అక్కడ ఆగకండి, చాలామంది ఆగేది అక్కడే. ఆ చోట డీవియేషన్ 32.7 కిలోహెర్ట్జే. ఇంకా పెంచండి, క్యారియర్ మళ్లీ లేచి, రెండోసారి మాయమవుతుంది. సరిగ్గా అప్పుడు 75. ఆ క్షణంలో ప్యానెల్ మీద ఎంత చూపిస్తోందో రాసుకోండి. 60 చూపిస్తుంటే మీరు ఇన్నాళ్లూ మీటరు మీద 75 చూసుకుంటూ దాదాపు 94 దాకా తోలుతున్నారన్నమాట. 90 చూపిస్తుంటే గొంతు నొక్కుకుని మాట్లాడుతున్నారు.

ఈ టోన్ లెవెల్‌ని మీ ఆడియోకి కొలమానంగా తీసుకోకండి. మన దేశంలో వాడే 50 మైక్రోసెకండ్ల ప్రీ ఎంఫసిస్ (సన్నని శబ్దాలను ముందే పెంచి పంపడం) ఈ ఫ్రీక్వెన్సీని దాదాపు 13 డీబీ పెంచి పంపుతుంది. ఇక్కడ తేలేది ప్యానెల్ మీటర్ నిజాయితీ ఒక్కటే. ప్యానెల్ చూస్తున్నప్పుడే ఆ ప్రీ ఎంఫసిస్ సెట్టింగ్ కూడా చూడండి. అమెరికా కోసం తయారైన ఎక్సైటర్లు 75 మైక్రోసెకండ్ల మీద వస్తాయి. అలాగే వదిలేస్తే 'స', 'ష' అన్నప్పుడల్లా రేడియో ఈల వేసినట్టు ఉంటుంది.

టైనీ ఎస్ఏ లేకపోతే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్‌తో ఇదే పని బాగా జరుగుతుంది. దాన్ని కేబుల్‌తో కలపకండి, జానెడు వైరు యాంటెన్నాగా పెట్టి గెయిన్ తగ్గించండి. తెర నిండా ఎక్కడ చూసినా మీ స్టేషనే కనిపిస్తుంటే అది మీ ట్రాన్స్‌మిటర్ తప్పు కాదు, డాంగిల్ మునిగిపోయింది.

9. రోడ్డు మీదికి వెళ్లి చూడండి

మాస్ట్ మీద కొత్త కనెక్టర్ బిగించి, రబ్బరు టేపు కింది నుంచి పైకి, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు వచ్చేలా చుట్టించండి. పై నుంచి కిందికి చుడితే టేపు మడతలే నీళ్లకి మెట్లవుతాయి. 4వ మెట్టు మరోసారి చేసి, గీతని ఫొటో తీసి పెట్టుకోండి. అప్పుడు కారులో బయల్దేరండి.

ఫీల్డ్ స్ట్రెంగ్త్ మీటర్ ఉంటే సరే. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) సిఫార్సు ప్రకారం పల్లె ప్రాంతంలో స్టీరియోకి మీటరుకు 54 డీబీ మైక్రోవోల్ట్, మోనోకి 48 చాలు. లేకపోతే ఒకే కారు, ఒకే రేడియో, ప్రతిసారీ అవే ఎనిమిది పది చోట్లు: బస్టాండు, చెరువు కట్ట, మలుపు దగ్గరి బడి, ఇలా. ప్రతి చోటా శుభ్రంగా ఉందా, గరగర ఉందా, స్టీరియో లైటు వెలుగుతోందా అని మూడే మాటలు రాయండి. కారు ఆపి రాయండి. పది అడుగులు జరిగితే సిగ్నల్ మారుతుంది, కాబట్టి ఒక చోట రెండు మూడు అడుగులు ముందుకీ వెనక్కీ జరిపి చూడండి.

ఒక లెక్క కూడా చూసుకోండి. లైసెన్స్‌లో ఉండేది ట్రాన్స్‌మిటర్ పవర్ కాదు, ఈఆర్‌పీ, అంటే కేబుల్ నష్టం తీసేసి యాంటెన్నా గెయిన్ కలిపాక వచ్చే పవర్. కమ్యూనిటీ రేడియోకి మామూలుగా 100 వాట్లు, యాంటెన్నా ఎత్తు 15 నుంచి 30 మీటర్లు. 50 వాట్లు, కేబుల్ నష్టం 0.7 డీబీ, యాంటెన్నా గెయిన్ 3 డీబీ అయితే 85 వాట్లు వస్తుంది. కానీ ఆ 3 డీబీ డైపోల్‌తో (మామూలు రెండు కడ్డీల యాంటెన్నా) పోల్చిందా, ఐసోట్రోపిక్‌తో (అన్ని వైపులా సమానంగా పంపే ఊహా యాంటెన్నా) పోల్చిందా అని కంపెనీ కాగితంలో వెతకండి. రెండోదైతే 2.15 తీసేయాలి, మీ 85 కాస్తా 52 అవుతుంది. అమ్మేవాళ్లు పెద్ద అంకెనే అట్ట మీద వేస్తారు.

అన్నీ సరిచేశాక కూడా అంచు ఊళ్లలో గరగర ఉంటే, మీ కార్యక్రమాల్లో ఎక్కువ మాటలే అయితే, పైలట్ ఆపి మోనోకి మారి చూడండి. పైన చెప్పిన 54కి 48కి తేడా ఆరు డీబీ. అంటే పవర్ నాలుగు రెట్లు పెంచినంత. దానికి ఖర్చు ఒక్క స్విచ్. రాత్రి మార్చి, మర్నాడు అవే చోట్లకి అదే కారులో వెళ్లండి.